దమ్మాయిగూడలో నొక యాదివారము

కాశీరామేశ్వరములకు పోయి వచ్చినవారు తమ యాత్రావిశేషములను వ్రాయుట పరిపాటి. మేము పోయి వచ్చినది మాత్రము హైదరాబాదునకు తూర్పుదెసనున్న దమ్మాయిగూడకు. అచట గొప్ప గోపురము లేదు, కోట లేదు, కన్నులు చెదరు జలపాతమును లేదు. అయినను ఆ యొక్క దినమున మేము నేర్చుకొన్నది మా సోదరీమణులకు తెలుపకుండుట న్యాయము కాదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఇందులో కొంత ఊరి సంగతియు, కొంత యంత్రపు సంగతియు, ప్రాణములకు సంబంధించిన సంగతి యొకటియు గలవు. యంత్రమనగానే పుట త్రిప్పివేయవలదని మా మనవి.

భాద్రపదము కడపట, బతుకమ్మ పండుగ వారము దినములలో రానుండగా, మా నాలుగేండ్ల చిన్నదానిని వెంటబెట్టుకొని ప్రొద్దుననే బయలుదేరితిమి. 2017 నవంబరు నుండి నడచుచున్న మెట్రో రైలులో ఉప్పలు వఱకు పోయి, అచట దిగి ఆటోలో నెక్కితిమి. ఉప్పలు ఒకప్పుడు ఊరి వెలుపలి ఊరు. ఇప్పుడు క్రికెటు మైదానమును, దేశపు పటములు వ్రాయువారికి శిక్షణ మొసగు సర్వేశాలయును గలిగి, నగరములో నగరమైపోయినది. నాచారము మీదుగా పోవునప్పుడు ఆటోవాడు నందమూరి తారకరామారావుగారి రామకృష్ణా స్టూడియోను గూర్చి మాకు చెప్పుచునే యుండెను. ఆ తరువాత దారి కిరువైపుల కర్మాగారముల గోడలు. మల్లాపురము దాటిన పిమ్మట అణు ఇంధన సంస్థయు, 1967లో నెలకొల్పబడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషనును ఉన్న ప్రాంతము వచ్చును. జనులు దానిని ఈ.సి.ఐ.ఎల్. అనియే పిలుతురు. మన తల్లుల కాలమున ఎన్నో యిండ్లలో వెలసిన ఈ.సి. టెలివిజను పెట్టెలు ఇచట పుట్టినవే. ఆ సంస్థకు ఊపిరిపోసిన అయ్యగారి సాంబశివరావుగారి పేరిట నొక పేటయే వెలసి, నేడు ఏ.ఎస్. రావు నగరమని ప్రసిద్ధి కెక్కినది.

కుషాయిగూడ దాటి నాగారము దెసకు పోవు కొలది ఇండ్లు పలుచబడి, రాళ్లు కానవచ్చును. ఏనుగులు పండుకొన్నట్లుండు నల్లరాతి గుండ్లు, వాని నడుమ తాటిచెట్లు, సీతాఫలపు పొదలు. దమ్మాయిగూడ మొన్నమొన్నటి వఱకు కీసర మండలములో నొక పల్లె. 2016 అక్టోబరులో క్రొత్త జిల్లాలేర్పడినప్పుడు మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో చేరినది. ఇప్పుడు మూడంతస్తుల మేడ ప్రక్కన కోళ్లగూడు, దాని ప్రక్కన రాళ్లు పాతి హద్దులు గీచిన ఖాళీ స్థలము, ఆ స్థలము నిండ తంగేడు పూలు, ఇట్లు పల్లెయు పట్టణమును ఒకే వీధిలో కలసి కాపురము చేయుచున్నవి. మేము పోయినప్పుడు ఆడుపిల్లలు గంపలతో ఆ స్థలములలో తిరిగి గునుగు పూవు కోసికొనుచుండిరి.

ఈ యూరివారి కొక బాధ కలదు. నగరపు చెత్త యంతయు చేరు జవాహర్ నగరు దిబ్బ ఇచటికి దాపు. గాలి అటు నుండి వీచిన దినమున తలుపులు మూసికొని కూర్చుండవలసినదే. నగరమున మన వంటింటి తొట్టిలో మనము కలిపి పారవేసినది ఇచట నొక యిల్లాలి యింట కమరు కంపై ముక్కున కెక్కుచున్నదని యెఱిగినచో, తడిచెత్తను పొడిచెత్తను వేఱుచేయుట మనకు భారమని తోచదు.

మేము పోయినది మా పినతల్లి కూతురి యింటికి. ఆమెయు, భర్తయు, అత్తగారును, ఇంటరు చదువుచున్న పదునాఱేండ్ల కుమారుడును ఆ యింట నుందురు. మామగారు కాలము చేసి రెండేండ్లయినది. ఆయన ఒక కర్మాగారమున పనిచేసి విశ్రాంతి పొందినవాడు. విద్యార్థిగా నుండగా ఎన్.సి.సి. వాయు విభాగమున చేరి నమూనా విమానములు చేయుట నేర్చి, ఆ ముచ్చటను కడవఱకు విడువలేదు. కాగితమును, తేలికకట్టెయు చేర్చి కట్టిన నాలుగడుగుల విమానము నేటికిని ఆ యింట వసారా దూలమునకు వ్రేలాడుచున్నది. దాని ముక్కునుండు ఇంజనును మాత్రము ఆయన ఊడదీసి, ఆముదపు గుడ్డలో చుట్టి, రేకుపెట్టెలో భద్రపఱచియుండెను. తాతగారి ఇంజనును మరల పలికింపవలెనని మనుమడు మూడు మాసములుగా ప్రయత్నించుచుండెను. అది పలుకలేదు.

మేము చేరిన యఱగంటకే ఆ యింజను ఆయుస్సు తీరిపోవునట్లయ్యెను. కారణము చెప్పెదము. మా చిన్నది దాహమని వంటింటిలోనికి పోయెను. గట్టు చివర మంచినీళ్ల సీసాల వరుసలో శీతలపానీయపు సీసా యొకటి, లేత గులాబిరంగు ద్రవముతో నుండెను. పిల్ల దానిని రెండు చేతులతో దింపి మూత త్రిప్పుచుండగా మా చెల్లెలు చూచి, కేకవేసి లాగికొనెను. అది షర్బతు కాదు. కుఱ్ఱవాడు ఇంజనునకై తెచ్చి పోసియుంచిన యింధనము. అందు ముక్కాలు పాలు మిథనాలు.

మిథనాలనగా నేమో మా సోదరీమణులలో కొందఱికి తెలియకపోవచ్చును. పూర్వము కట్టెలను బట్టీపెట్టి తీయుచుండిరి గావున దానికి కట్టెసారాయి యని పేరు. కల్తీసారా త్రాగి పదులకొలది జనులు మరణించిరని పత్రికలలో చదువుదుము గదా, తఱచుగా ఆ కల్తీ యిదియే. నీటివలె తేటగా నుండును. వాసన తీవ్రము కాదు. కడుపులో చేరిన తోడనే గొప్ప బాధ తోపకపోవచ్చును. పండ్రెండు గంటలకో, ఒక దినమునకో అది శరీరమున మఱియొక విషముగా మాఱి, ముందు చూపును, పిదప ప్రాణమును హరించును. చిన్నపిల్లలకు రెండు మూడు చెంచాలైనను ప్రాణాపాయమే.

మా మరిదిగారు శాంతస్వభావులు. అయినను ఆనాడు వారి ముఖము వివర్ణమైపోయెను. "సాయంకాలములోగా ఈ విషమును, ఆ యింజనును ఇల్లు దాటవలెను" అని మాత్రమనిరి. కుఱ్ఱవాడు తలవంచుకొని నిలిచెను. అపరాధము వానిదే గావున మఱుమాట లేదు. అప్పుడు వాని నాయనమ్మ, అంతవఱకు వసారాలో పూలు వేఱుచేయుచున్నామె, తల యెత్తక, "పొద్దుగూకేదాక టైమున్నది గద బిడ్డా. ఒక్కపాలి సప్పుడు ఇననియ్యి. ఆ తరువాత నీ ఇష్టం" అనెను. ఆమె భర్త యున్నన్నాళ్లును ఆ చప్పుడు తల నొప్పించుచున్నదని ప్రతి యాదివారము తగవులాడునదని మా చెల్లెలు తరువాత మాతో చెప్పినది. మరిదిగారు మాఱుపలుకక ప్రక్కయింటికి పోయి, అచట నుండు వృద్ధుని పిలుచుకొని వచ్చిరి. ఆయన కర్మాగారమున నలువదేండ్లు యంత్రములు బాగుచేసి విశ్రాంతి తీసికొనుచున్న మిస్త్రీగారు.

మిస్త్రీగారు వచ్చి, ఇంజనును అఱచేతిలో నుంచుకొని చూచిరి. అది పెద్దది కాదు. లోపలి చోటు 6.5 ఘన సెంటీమీటర్లు. అయినను నడచునప్పుడు దాని పంఖా నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగును. ఆయన కుఱ్ఱవానితో, "అన్నియు నొక్కసారి కదపకుము. ఇంజను నడచుటకు నిప్పు, ఇంధనము, గాలి యను మూడే కావలెను. ఒక్కొక్క దానిని వరుసగా విచారింపుము. ఒకటి తేలువఱకు రెండవదానిని ముట్టకుము" అనిరి. ఇంటిలో దీపము వెలుగనప్పుడు మనమును అట్లే గదా! వత్తియా, నూనెయా, ప్రమిదకు పగులా యని చూతుము.

మొదట ఇరుసు తిరుగుట లేదు. రెండేండ్లలో లోపలి యాముదము ఎండి జిగురై పట్టివేసినది. కుఱ్ఱవాడు ముందొకసారి పటకారుతో త్రిప్పబోయి, నాయనమ్మ వారింపగా మానెనట. మంచి పనియయ్యెను, త్రిప్పినచో లోపలి కడ్డీ వంగియుండెడిది. మిస్త్రీగారు తల యారబెట్టుకొను యంత్రమును మా చెల్లెలినడిగి తెప్పించి, వేడిగాలి పట్టించిరి. అయిదు నిమిషములలో జిగురు కరగి, ఇరుసు వ్రేలితో తిరిగెను. పిదప నాలుగు చుక్కల పలుచని నూనె వేసిరి.

తరువాత నిప్పు. ఈ చిన్న యింజనులలో మోటారుకారులందువలె నిప్పురవ్వ పుట్టించు ఏర్పాటు లేదు. తలపై గ్లో ప్లగ్గు అను చిన్న బిరడా యుండును. దానిలో వెండ్రుకవంటి ప్లాటినము తీగ చుట్టగా నుండును. 1817లో హంఫ్రీ డేవీ యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మండు వాయువు గాలితో కలసి యున్నచోట వెచ్చని ప్లాటినము తీగ నుంచినచో మంట లేకయే అది యెఱ్ఱగా కణకణలాడుచుండునని కనుగొనెను. 1947లో రే ఆర్డెన్ యను అమెరికా దేశీయుడు ఆ గుణమునే ఆధారముగా గొని, ఇట్టి ప్లగ్గులను బజారున నమ్మెను. అంతకు పూర్వము బొమ్మవిమానము తన బరువుతో పాటు బ్యాటరీని, తీగచుట్టను మోయవలసి యుండెడిది. ఇప్పుడన్ననో, మొదలు పెట్టునప్పుడు మాత్రము ఒక్క చిన్న బ్యాటరీ తగిలించి తీగను కాల్చినచో చాలును. ఇంజను నడువనారంభించిన పిదప బ్యాటరీ తీసివేయవచ్చును. మిథనాలు ఆవిరియు, పేలుడు వేడియు తీగను తామే నిలుపుకొనును. పొయ్యిలోని నిప్పుకణిక తరువాతి పిడకను అంటించునట్లే.

మిస్త్రీగారు ప్లగ్గును ఊడదీసి, తలుపు నీడలో బ్యాటరీ తగిలించిరి. తీగ మందముగా, ఇటుకరంగున వెలిగెను. "ఇది చాలదు. నారింజరంగున మెఱయవలెను" అని చెప్పి, ఆ బ్యాటరీని విద్యుత్తు పట్టించుటకు పెట్టిరి. మూడు మాసముల కష్టములో మొదటి ముడి అది. తీగ తెగినచో అసలే వెలుగదు. అప్పుడు క్రొత్త ప్లగ్గు వేయవలసినదే. ఇంకొక సంగతి: ఒకటిన్నర వోల్టులకు మించిన బ్యాటరీ తగిలింపరాదు. మోటారుకారు బ్యాటరీ తగిలించినచో రెప్పపాటున తీగ కరగిపోవును.

బ్యాటరీ నిండులోగా ఇంధనపు విచారణ జరిగెను. పందెములకు వాడు సాధారణ మిశ్రమమున నూటికి 80 పాళ్లు మిథనాలు, 20 పాళ్లు ఆముదము. కొందఱు బలము కొఱకు నైట్రోమీథేను అను ద్రవమును కొంచెము చేర్తురు. ఆముదమేల యని మేమడిగితిమి. ఈ యింజనునకు నూనె తొట్టి వేఱుగా లేదు. కందెన ఇంధనముతోనే పోవలెను. నువ్వులనూనె గాని, మోటారు నూనె గాని మిథనాలులో కలియవు, అడుగునకు దిగి విడిపోవును. ఆముదము చక్కగా కలియును, పైగా ఎంత వేడికిని లోహమును విడువక పట్టియుండును. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములలో పెక్కు ఆముదముతోనే నడచెను. మన పాలమూరు, నల్లగొండ మెట్టచేలలో పండు గింజ యిది. రాజేంద్రనగరమున 1977 నుండి నూనెగింజల పరిశోధన సంస్థ దీనిపై కృషి చేయుచున్నది. బిడ్డలకు మాడునద్ది, దీపమునకు పోసి, నడుము నొప్పికి రాసిన మన యాముదము ఆకాశమున కెగయుట విన్నప్పుడు మాకు కొంచెము గర్వము కలిగెనని యొప్పుకొందుము. తలకు రాచుకొను సువాసన యాముదము మాత్రము దీనికి పనికిరాదు. శుద్ధమైనది కావలెను.

"ఈ సీసా మూత ఎప్పుడు తీసితివి?" అని మిస్త్రీగారడిగిరి. జ్యేష్ఠమాసమున, అని కుఱ్ఱవాడనెను. వానకాలమంతయు వదులు మూతతో నున్నదన్నమాట. మిథనాలు గాలిలోని చెమ్మను ఉప్పువలె పీల్చుకొనును. ఉప్పు తడిసినచో కంటికి కనబడును. మిథనాలులో నీరు కలసినచో కనబడదు, రుచి చూచుటకును వీలులేదు. ఆ నీరు తీగను చల్లార్చును, లోపలి గుండ్లకు త్రుప్పు పట్టించును. కావున దానిని వాడరాదని వేఱుగా నుంచి, విప్పని డబ్బా నుండి క్రొత్త యింధనము తీసిరి. పాతదానిని మోరీలో పోయక, గట్టిగా మూతవేసి తాము తీసికొనిపోయిరి.

బ్యాటరీ నిండినది. ఇంటి ప్రక్క ఖాళీ స్థలమున బల్ల వేసి, దానికి ఇంజనును మరలతో బిగించిరి. చుట్టును గులకరాళ్లు ఏఱివేసిరి. పంఖా తిరుగు వలయమునకు ప్రక్కల నెవ్వరును నిలువరాదని ఆజ్ఞ. కుఱ్ఱవాడు కండ్లద్దములు పెట్టుకొనెను. మేము కొంగు నడుమున దోపుకొని, జడ ముడివైచుకొని దూరముగా వెనుకకు నిలిచితిమి. చిన్నదానిని మా చెల్లెలు గడపలోపలనే యెత్తుకొనెను. వేలితో పంఖాను త్రిప్పుట యెంత నిపుణునికైనను తగదట. రబ్బరు తొడిగిన కఱ్ఱతో గాని, విద్యుత్ యంత్రముతో గాని త్రిప్పవలెను.

గాలిద్వారమున రెండు చుక్కలు వేసి త్రిప్పగా, ఇంజను "టప్"మని, మూడు క్షణములు గిఱ్ఱున తిరిగి ఆగిపోయెను. కుఱ్ఱవాడు నిరాశపడెను గాని మిస్త్రీగారు సంతసించిరి. చుక్కలు వేసినంతసేపు నడచినదన్నచో నిప్పు సరిగానున్నదనియు, తొట్టినుండి యింధనము వచ్చుట లేదనియు రుజువయ్యెను. ఇట్లు తప్పిపోవుటలో గూడ నొక జవాబుండుననుట మాకు క్రొత్త పాఠము.

సూదిమరను పరీక్షించిరి. ఇంధనము గాలితో కలియుచోట సన్నని రంధ్రమును, దానిలో ముందువెనుకలుగా జరుగు సూదియు నుండును. ఎండిన యాముదము ఆ రంధ్రమును సగము మూసియుండెను. సూదులతో పొడిచినచో రంధ్రము పెద్దదగును గావున, దానిని శుద్ధమైన స్పిరిటులో నానవేసి ఊదిరి. మరల త్రిప్పిరి. ఈసారి పది క్షణములు నడచి, దగ్గి, ఆగెను.

అప్పుడు నాయనమ్మ వసారా నుండి లేచి వచ్చెను. ఆమె ముప్పదేండ్లు కిరసనాయిలు పంపుపొయ్యిమీద వండిన యిల్లాలు. కొంచెము వంగి, తొట్టినుండి ఇంజనునకు పోవు తేటగొట్టమును చూచి, "గాలి గుంజుతున్నది బిడ్డా. బుగ్గలు చూడు. నా పొయ్యి గిట్లనే దగ్గేది, వాసరు పోతె" అనెను. అందఱును వంగి చూచితిమి. గొట్టములో ముత్యముల వరుసవలె గాలిబుడగలు! తొట్టి విప్పి చూడగా, లోపలి మెత్తని గొట్టము పాతబడి, చివరనున్న గుండు దగ్గఱ చీలియున్నది. విమానము తలక్రిందులైనను ఇంధనమున్న వైపునకే జాఱిపోవుటకై ఆ గుండును కట్టుదురు. గొట్టమును నీటిలో ముంచి ఊదగా చీలిక స్పష్టముగా కానవచ్చెను. క్రొత్త సిలికాను గొట్టము వేసిరి. మిథనాలునకు సిలికాను గొట్టము తగును. పెట్రోలు ఇంజనులకు మాత్రము అది పనికిరాదు, ఉబ్బి చెడిపోవునని మిస్త్రీగారు జాగ్రత్త చెప్పిరి. తొట్టి నడిమి గీత సూదిమరతో సమముగా గాని, కొంచెము దిగువగా గాని ఉండునట్లును సవరించిరి. మీదనున్నచో ఇంధనము తనంతట కాఱి ఇంజనును ముంచివేయును.

ఈ సారి అదియే జరిగెను. కుఱ్ఱవాడు సూదిమరను అయిదు చుట్లు విప్పియుంచుటచే లోపల ఇంధనము నిండిపోయి, పంఖా కదలక బిగుసుకొనెను. బలవంతముగా త్రిప్పబోవుచుండగా మిస్త్రీగారు చేయి పట్టుకొనిరి. ద్రవము అణగదు గావున బలము చేసినచో కడ్డీయే వంగును. ప్లగ్గు తీసి, బ్యాటరీ దూరముగా నుంచి, ఇంజనును బోర్లించి, మెల్లగా త్రిప్పి ఇంధనమును ఒలికించి, తుడిచిరి.

"సూది యెంత విప్పవలెనో తెలిసినచో బాగుండెడిది" అని మిస్త్రీగారనిరి. నాయనమ్మ లోనికి పోయి రేకుపెట్టె మూత తెచ్చెను. దాని లోపలివైపున పెన్సిలుతో, మాసిపోయిన యక్షరములతో "రెండున్నర" అని వ్రాసియున్నది. కుఱ్ఱవాడు అది యిన్నాళ్లును చూచి, వెల యేమో యనుకొనెనట. ఆమె, "ఐతారం ఐతారం మరను తిప్పుకుంట రెండున్నర, రెండున్నర అని గొణుగుతుండె. నేను పాలలెక్క అనుకుంటి" అని నవ్వెను.

సూదిని మూసి, రెండున్నర చుట్లు విప్పిరి. బ్యాటరీ తగిలించి, కఱ్ఱతో నొక్కసారి త్రిప్పగా ఇంజను అందుకొనెను. తేనెటీగల పట్టు పగిలినట్లు మ్రోత. పంఖా కంటికి కానరాక వెలుగు వలయమైపోయెను. తెల్లని పొగ, కాలిన యాముదపు కమ్మని వాసన. మిస్త్రీగారు వెనుకనుండి మరను కొంచెము కొంచెము బిగించి, గొట్టమును క్షణము నొక్కి వదలి, మ్రోత కొంచెము పెరిగి మరల దిగుట విని, చాలుననిరి. నొక్కగానే మ్రోత క్రుంగినచో ఇంధనము చాలలేదన్నమాట. అట్లు నడపినచో ఇంజను వేడెక్కి చెడును. ఎల్లప్పుడు ఇంధనము పిసరంత ఎక్కువగా నుండుటయే క్షేమము.

పూలు కోయు పిల్లలు గంపలతో వచ్చి నిలిచిరి. నాయనమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని నిలిచి, నిలిచి, కడపట, "ఇగ చాలు, బందు చెయ్యి, పక్కింటోళ్లు వస్తరు" అనెను. ఆ మాట ఆమె ప్రతి యాదివారము భర్తతో నను మాటయేనట. అది విని మా మరిదిగారు ముఖము ప్రక్కకు త్రిప్పుకొనిరి. ఇల్లు దాటించు మాట మరల నెత్తలేదు.

కాని నియమములు మాత్రమేర్పఱచిరి. వానిని మా సోదరీమణులకొఱకు వ్రాయుచున్నాము, ఏలయన బొమ్మవిమానము లేని యింటను స్పిరిటు, కిరసనాయిలు, యాసిడు, పురుగుమందు ఏదో యొకటి యుండును. తినుత్రాగు సీసాలలో విషద్రవ్యములను ఎన్నడును పోయరాదు. కొన్న డబ్బాలోనే యుంచి, "విషము" అని పెద్దక్షరములతో చీటి యంటించి, తాళము వేయవలెను. వంటింటను, దేవుని దీపము దగ్గఱను ఉంచరాదు. మిథనాలు మంట పగటివెలుగున కంటికి కానరాదు. అంటుకొన్నదని చేయి కాలిన పిదపనే తెలియును. నీటితో కలియును గావున నీరు సమృద్ధిగా పోసి ఆర్పవచ్చును. ఒంటిపై బడినచో వెంటనే కడుగవలెను. పిల్లలు పొరపాటున త్రాగిరని యనుమానమైనను, బాధ లేదు గదా యని యూరకుండరాదు. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయింపరాదు, పెరటి మందులతో కాలము పోగొట్టరాదు. ఆ సీసాను వెంట గొని తక్షణము ఆసుపత్రికి పోవలెను. వేళకు చేరినచో విఱుగుడు మందులు కలవు.

ఎగురవేయుట మాత్రము ఆ యూర జరుగదు. హకీంపేట వాయుసేనా స్థావరము దాపున నున్నది. దాని విమానములు తలమీదనే పోవుచుండును. దూరమునుండి నడపు చిన్న విమానములకును నియమములు కలవు. 2021 ఆగస్టున డ్రోను నియమములు వెలువడినవి. ఇట్టి చోట్ల అనుమతి లేక ఎగురవేయుట నేరము, అపాయము. అనుమతి యున్న మైదానమునకు తానే కొనిపోదునని తండ్రి కుమారునకు మాటయిచ్చెను.

పని ముగిసిన పిదప ఇంజనులోని ఇంధనమంతయు కాలిపోవునట్లు నడిపి, నాలుగు చుక్కల నూనె వేసి, నాయనమ్మయే దానిని గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచెను. సాయంకాలము మేమందఱము కీసరగుట్టకు పోయి రామలింగేశ్వరుని దర్శించితిమి. గుట్టమీద నలువైపుల చెదరియున్న శివలింగములను చిన్నది లెక్కింపబోయి తప్పి, మరల మొదలుపెట్టెను. చల్లని గాలి వీచుచుండెను. దాని మాటలు వినుచు, ప్రొద్దుట నా సీసా మూత ఇంకొక చుట్టు తిరిగియున్నచో నేమగునో యని మేము తలపోసితిమి. ఇంటికి తిరిగివచ్చిన రాత్రియే మా వంటింటి గట్టును, మెట్లక్రింది గూటిని సర్దితిమి. చీటి లేని సీసాలు మూడు దొరకినవి. ఇది చదివిన సోదరీమణులు తమ గూళ్లనుగూడ నొకసారి చూచుకొందురుగాక.